ఐబు చెప్పిన బండి

నోరు మూసుకుని కూర్చుని ఉంటే సరిపోయేది. బండిలో కంప్లైంటు ఏమైనా ఉందా మేడమ్ అని ఆ నరసింహులు మర్యాదకు అడిగాడు, పెళ్లివాళ్లు అన్నం తిన్నారా అని అడిగినట్టు, తిన్నామని తలూపితే అయిపోయేది. నేనేమో వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాను. పొద్దున చలికి రెండో గేరు పడదు, మూడోసారికి పడుతుంది. వెనక ఎడమవైపు అద్దం దానంతటదే జారిపోతుంది, అట్టముక్క దోపి నిలబెట్టాం. వాన పడితే డ్రైవరు కాళ్ల దగ్గరికి నీళ్లొస్తాయి. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పితే ఎవరూ నొక్కకుండానే హారన్ మోగుతుంది. క్లచ్ రాయి మాదిరి ఉంటుంది. సదుం దగ్గర ఒకసారి ఎవరిదో పాడి ఎనుము గుద్దింది, మేము ఎనుమును గుద్దలేదు, అదే వచ్చి మమ్మల్ని గుద్దింది, ఆ తలుపు మార్చాం, ఎండలో చూస్తే రంగు తేడా తెలుస్తుంది. నరసింహులు ఫోన్లో రాసుకోవడం మానేసి నా మొహం చూశాడు. పక్కన సాదిక్ దగ్గాడు. నా మొగుడి దగ్గులన్నీ నాకు తెలుసు, ఇది దుమ్ము దగ్గు కాదు, ఆపమనే దగ్గు. ఆపాను, కానీ అప్పటికే చెప్పాల్సినవన్నీ అయిపోయాయి, పుంగనూరులో ఏసీ వేస్తే మదనపల్లె చేరాకే చల్లబడుతుందనే ఒక్కటి తప్ప. అదీ చెప్పేశాను.

"ఇన్నేళ్లలో ఇట్లా చెప్పినోళ్లని సూడలేదు సార్," అన్నాడు నరసింహులు, నాతో కాదు, సాదిక్‌తో. పాత బండ్లకు వెల కట్టడమే ఈ షోరూములో ఆయన పని. "అందరూ ఏమీ లేదంటారు, నేను వెతుక్కుంటా. ఈయమ్మ తనంతట తానే ఇన్ని చెప్తాందంటే లోపల ఇంకెన్ని ఉండాయో. లిఫ్టు మీదికి ఎత్తి సూడాల. గంట పడతాది, కూర్చోండి."

తాళం చెవులు ఊపుకుంటూ పోయి బండిని వెనక షెడ్డులోకి తోలాడు. రెండో గేరు పడలేదు, ఆ గర్రుమనే చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. సాదిక్ సోఫాలో కూలబడి, షోరూమువాళ్లకు అర్థం కాకూడదని ఉర్దూలో, "కైకూ బోలీ సబ్?" అన్నాడు. అన్నీ ఎందుకు చెప్పావని. మదనపల్లెలో ఆ మాత్రం ఉర్దూ రానిదెవరికి, కాఫీ తెచ్చినాయన కూడా నవ్వు దాచుకుని కప్పులు పెట్టి పోయాడు. "ఆయన అడిగినాడు గదా" అన్నాను. "అడగడం ఆయన పని. చెప్పకపోవడం మన పని," అన్నాడు సాదిక్, అనేసి తన మాటకు తనకే నవ్వొచ్చి కాఫీ కప్పులోకి తల దించుకున్నాడు. పైకి నేను ఆయన్ని జీ అనే పిలుస్తాను, లోపల మాత్రం పెళ్లయిన నాటినుంచీ పేరు పెట్టే పిలుచుకుంటాను, మనసులో కూర్చున్నవాళ్లకు మర్యాదలేమిటి. కోపం వచ్చిందా అంటే రాలేదు, ఆయన కోపం మా ఇనుప సామాన్ల కొట్లో మేకుల డబ్బా లాంటిది, మూత తీస్తే గుచ్చుకుంటుంది గానీ తనంతట తాను బయటికి రాదు. కానీ లోపల లెక్క వేసుకుంటున్నాడు, ఆ కనుబొమ్మలు చూస్తే తెలుస్తుంది. నేనూ అదే లెక్క వేసుకుంటున్నాను.

ఎదురుగా అద్దాల గోడ పక్కన రెండు బండ్లు నిలబెట్టారు. రెండూ ఒకటే మోడలు, రెండూ కొత్త చెప్పుల వాసన వేస్తున్నాయి. ఒకటి తెల్లది, గేర్లున్నది. రెండోదాంట్లో గేర్లు మార్చే పనే లేదు, కాళ్ల దగ్గర తొక్కేవి రెండే, పోవడానికి ఒకటి, ఆగడానికి ఒకటి, మూడోది లేదు, ఎడమకాలికి పనే లేదు. ఇందాక సాదిక్ టాయిలెట్టుకు పోయినప్పుడు తలుపు తీసి కూర్చుని చూశాను. ఎడమకాలిని పక్కన పెట్టుకోవడానికి చిన్న పీటలాంటిది కూడా చేశారు, కాలు దానిమీద పెడితే చుట్టాలింటికి వచ్చిన ముసలామెను కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు ఉంది. ఏళ్లతరబడి మగ్గం ముందు కాళ్లు మడిచి కూర్చుని పెళ్లికూతుళ్ల జాకెట్లకు పూసలు కుట్టాను, ఎడమ మోకాలి గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములో చూపించాడు. డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాక తెలిసింది ఆ మోకాలు మా క్లచ్ తొక్కలేదని. మా వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి కన్నీళ్లొచ్చాయి, నొప్పికి కొంచెం, కోపానికి చాలా. అప్పటినుంచీ లైసెన్సు బీరువాలో పట్టుచీరల మధ్య పడుకుని ఉంది. ఇంట్లో బయలుదేరేటప్పుడే ఒప్పందం చేసుకున్నాం. పాత బండికి లక్షా డెబ్బై వస్తే గేర్లు లేనిది, అంతకు తగ్గితే గేర్లది, పైన అప్పు చేసేది లేదు. గేర్లదైతే ఆయన నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటాను, ఇన్నాళ్లూ కూర్చున్నట్టే. ఒప్పందం నేనే ఒప్పుకున్నాను, ఎక్స్చేంజి మేళా బోర్డు చూసి లక్షా డెబ్బై సులువుగా వస్తుందనుకున్నాను. ఇప్పుడు నా నోరే నా కాలికి అడ్డం పడింది.

పక్కన కూర్చోవడం చెడ్డదేం కాదు. కుప్పం దారిలో పక్కన కూర్చుని చూసినన్ని చింతచెట్లు నడిపేవాళ్లు చూడలేరు. కానీ పక్కన కూర్చునేవాళ్లకు బయలుదేరే హక్కు లేదు, అదొక్కటే బాధ. కుప్పంలో మా చెల్లెలు మెహ్‌నాజ్‌కు పెళ్లిబట్టల కొట్టు ఉంది, నేను కుట్టిందంతా అక్కడే అమ్ముడుపోతుంది. అక్కడ గిరాకీ అడిగే భాషలు మూడు, ఒకామె కన్నడంలో అడుగుతుంది, ఒకామె తమిళంలో బేరమాడుతుంది, ఇద్దరూ తెలుగులో తిట్టి పోతారు అంటుంది మెహ్‌నాజ్. ఆపా, ఆదివారం పెళ్లి, జాకెట్టు శుక్రవారానికి కావాలి అని ఫోన్ చేస్తుంది. నేను సాదిక్‌ను చూస్తాను. సాదిక్ కొట్టును చూస్తాడు, సిమెంటు లారీని చూస్తాడు, వచ్చే శుక్రవారం పోదాం అంటాడు. పెళ్లి వచ్చే శుక్రవారానికి ఆగుతుందా. మూటలు చంకన పెట్టుకుని పలమనేరులో ఒక బస్సు మారి, వి.కోటలో ఇంకొక బస్సు మారి పోయాను ఎన్నోసార్లు, బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుందో మోకాలు బాగున్నవాళ్లకు తెలియదు. ఒకసారి వెనక నుంచి ఎవరో ఎల్లమ్మ అనే ఆమె నన్ను గోతాన్ని నెట్టినట్టు నెట్టి ఎక్కించింది, ఎక్కాక ఇద్దరం నవ్వుకుని ఒకే సీట్లో కూర్చున్నాం, కుప్పం చేరేలోగా తన ముగ్గురు కోడళ్ల సంగతీ చెప్పేసింది. సాదిక్‌కు నేను నడపడం ఇష్టం లేక కాదు. నువ్వు నడిపితే భయం లేదు, ఎదురొచ్చేవాళ్లంటే భయం అంటాడు. పలమనేరు దాటితే ఏనుగులొస్తాయి అంటాడు. ఏనుగులు నువ్వు నడిపినా వస్తాయి కదా అంటే, వస్తాయి, కానీ నేనుంటే దిగి మాట్లాడతా అంటాడు.

అయినా నా నోరని ఎందుకు తిట్టుకోవాలి, అది అబ్బాజాన్, అంటే మా నాయన, పెట్టిన నోరు. పుంగనూరు సంతలో మా అబ్బాజాన్ ఎద్దుల దళారీ. అలావుద్దీన్ ఆయన పేరు, రైతులు అలావుద్దీనప్పా అని పిలిచేవాళ్లు. ఎద్దును పట్టుకొచ్చినవాడు ముందు దాని ఐబు చెప్పాలి, ఆ తర్వాతే బేరం. ఐబంటే లోపం. ఈ ఆవు పాలు పిండేటప్పుడు తంతుంది, దీనికి ఒక చన్ను మూసుకుపోయింది, ఈ కోడెకు నీళ్లంటే భయం, వంక దాటదు. చెప్పింది విని కొన్నవాడు తర్వాత తిరిగొచ్చి అడగడానికి లేదు. చెప్పనిది బయటపడితే పశువును వెనక్కి తోలుకొచ్చి దళారీ ఇంటిముందు కట్టేసి పోతారు. మా చిన్నప్పుడు అట్లా ఒక ముసలి ఎద్దు మా వాకిట్లో వచ్చి పడింది, అమ్మినవాడు దాచాడు, అబ్బాజాన్ నమ్మాడు. దాన్ని అమ్మినవాడు దొరికేదాకా మా అమ్మ మైమూన్ బీ రోజూ దానికి గడ్డి వేస్తూ, ఎద్దుకు వినిపించేటట్టు మొగుడిని తిట్టేది. అప్పటినుంచి మా ఇంట్లో ఏది అమ్మినా ముందు ఐబే. మేకపిల్ల, పాత కుట్టుమిషను, ఆఖరికి మెహ్‌నాజ్ పెళ్లిచూపులు, అన్నిట్లోనూ అంతే. అబ్బాజాన్ పెళ్లికొడుకువాళ్లతో అమ్మాయికి వంట రాదు, పొద్దున లేవదు, కోపం ఎక్కువ అని ముందే చెప్పేశాడు, మెహ్‌నాజ్ తలుపు వెనక పళ్లు కొరుక్కుంటూ విన్నది. వాళ్లు నవ్వి ఒప్పుకున్నారు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పొద్దున లేపరు, ముందే చెప్పారు కదా అంటారు. సరే, మెహ్‌నాజ్‌కు పనికొచ్చింది. నాకెందుకు పనికిరాలేదు. సంతలో ఐబు చెప్తే నమ్మకం, ఇక్కడ ఐబు చెప్తే అనుమానం. ఈ చల్లటి గదిలో అందరూ ఏమీ లేదనే చెప్తారట, వీళ్లు ఆ అబద్ధానికే ధర కట్టడం నేర్చుకున్నారు, మధ్యలో నేనొచ్చి నిజం చెప్పేసరికి పాపం నరసింహులుకు ఎంత తీసెయ్యాలో తెలియలేదు, చెప్పనివి ఇంకో రెండింతలు ఉంటాయని కలుపుకున్నాడు.

అద్దాల గోడలోంచి షెడ్డు కనిపిస్తుంది. మా బండి లిఫ్టు మీద గాలిలో నిలబడి ఉంది, అడుగుభాగం చూడటం ఇదే మొదలు. ఇన్నేళ్లు దానిమీద కూర్చున్నాం, దాని పొట్ట ఎట్లా ఉంటుందో తెలియదు. మట్టి పట్టి ఎర్రగా ఉంది, పుంగనూరు మట్టి కొంచెం, రామసముద్రం మట్టి కొంచెం, అన్ని ఊళ్ల మట్టీ పొరలు పొరలుగా. నరసింహులు చేతి లైటుతో కిందనుంచి చూస్తుంటే ఆసుపత్రిలో ఎవరి ఒంటినో పరీక్ష చేస్తున్నట్టుంది, కళ్లు తిప్పుకోవాలనిపించింది. సాదిక్ ఎప్పుడు లేచాడో లేచి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. బండిని మార్చేద్దామన్నది నేను, సరే అన్నది ఆయన, ఇప్పుడు చూడు ఆ నిలబడటం, కూతుర్ని అత్తారింటికి పంపేవాడిలా ఉంది. ఒకసారి బక్రీదుకు మేకను కొని, వ్యానుకు డబ్బులు దండగని వెనక సీట్లోనే తెచ్చాడు. అంగళ్లు అనే ఊరి దగ్గర కాలేజీ పిల్లలు రోడ్డు దాటుతుంటే బండి ఆపాం, మేక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది, పిల్లలందరూ ఫోన్లు తీసి ఫోటోలు. సాదిక్ ముఖ్యమంత్రిలా చెయ్యి ఊపాడు. ఇంటికొచ్చి చూస్తే సీటు కవరు సగం లేదు, మేక తినేసింది. అది చెప్పడం మర్చిపోయాను. సీటు కవరు ఐబులోకి వస్తుందా రాదా. లేచి పోయి చెప్పాలా. వద్దు. కూర్చో షాహిదా. కాఫీ చల్లారిపోతోంది, తాగు, ఇంత చక్కెర వేశారేమిటి, ఈ కాఫీకి ఐబు ఎవరు చెప్తారు.

పక్క టేబులు దగ్గర ఒకాయన గొంతు పెంచుతున్నాడు. అంగళ్లునుంచి వచ్చాడట, ఆయనదీ మా బండి లాంటిదే, మాకన్నా రెండేళ్లు కొత్తది కూడా. లక్షా ముప్ఫై ఇస్తామన్నారట. "ముప్పైకి పాత ఇనుము కొట్టుకేసినా వస్తాది," అంటున్నాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాల్లే అంటోంది. అది వినగానే నా లెక్క మా వెనక అద్దం మాదిరి జారిపోయింది. కొత్తదానికే ముప్ఫై. మాది పాతది, పైగా ఎనుము గుద్దింది, పైగా నేను నోరు విప్పాను. డెబ్బై ఎక్కడ. తెల్ల బండిని చూశాను, మంచిదే, అందంగానే ఉంది, ఎవరికీ ఏ అన్యాయమూ చెయ్యలేదు, కానీ దాన్ని చూస్తుంటే సవతిని చూసినట్టుంది. పక్క సీటు ఎట్లుంటుందో ఇక్కడినుంచే తెలుస్తోంది.

నరసింహులు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వెంట ఒకామె వచ్చింది, నల్ల కోటు, లోపల చీర, జడలో మల్లెలు. మునిలక్ష్మి, మేనేజరు. ఆమె కూర్చోగానే నరసింహులు ఫోను చూపిస్తూ చెప్పాడు, ఆ గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది. "ఈయమ్మ చెప్పినవే ఉండాయి మేడమ్. కిందా మీదా చూసినా. ఇంకేం లేవు. ఇంజను బాగుండాది." ఫోను దించి నావైపు చూశాడు. "ఒకటి మాత్రం చెప్పలేదమ్మా మీరు. ఎనక సీటు కింద మేకపెంటికలుండాయి."

సాదిక్ నవ్వాడు, మునిలక్ష్మి నవ్వింది, నేను చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"మీరే అన్నీ చెప్పినారంట గదా. మా నరసింహులన్న నిజంగానే బయపడినాడు," అంది మునిలక్ష్మి. "ఎనుము సంగతి కూడా చెప్తారా ఎవరన్నా."

"మాది దళారీ ఇల్లమ్మా," అన్నాను. "పుంగనూరు సంతలో మా నాయన ఎద్దుల బేరాలు చేసేటోడు. ఐబు చెప్పకుండా చెయ్యి పట్టకూడదంటారు."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. "సంతా. మాది రామసముద్రం పక్కన పల్లె అక్కా. మా నాయన ఎద్దుల్ని ఆడికే తోలకపోయేటోడు."

"అలావుద్దీన్ అని, పేరు వినింటావేమో."

"లేదక్కా. నాకు మనుషులు తెలీరు, ఎద్దులే గుర్తుండాయి."

నాకు కొంచెం చప్పబడింది. సంతంతా తెలిసిన మనిషి మా అబ్బాజాన్ అనుకుంటాం, సంత ఎంత పెద్దదో ఎవరు కొలిచారు. కానీ ఆ ఒక్క మాటతో మేడమ్ పోయి అక్క వచ్చింది, అది చాలదా. మునిలక్ష్మి కాగితం మీద ఏదో రాయబోయి, పక్క టేబులు వైపు చూసి మానేసింది. అంగళ్లు ఆయన ఇటే చూస్తున్నాడు, చెవులు కూడా ఇటే ఉన్నాయి. మాకు ఆయనకన్నా ఎక్కువ చెప్తే అక్కడ గొడవ, తక్కువ చెప్తే ఇక్కడ నా కథ ముగిసినట్టే. ఆమె కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చి కూర్చుంది. మల్లెల వాసన. "అక్కా, మీ చున్నీ కొస ఇట్లియ్యండి," అంది మెల్లగా. ఏం చెయ్యబోతోందో నాకు అర్థమయ్యేలోగా నా చెయ్యి చున్నీ కిందికి పోయింది, చెయ్యికి మనకన్నా ముందు తెలుస్తుంది కొన్ని.

సంతలో ధర నోటితో చెప్పరు. తుండు కింద చెయ్యీ చెయ్యీ పట్టుకుని వేళ్లు నొక్కి చెప్పుకుంటారు, చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియకూడదని. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే అయిదు, వేలు సగానికి మడిస్తే సగం. ఆడపిల్లలను సంతకు రానివ్వరు, నేను, మెహ్‌నాజ్ దుప్పటి కింద చింతగింజల బేరాలాడి నేర్చుకున్నాం. ఈమె ఎట్లా నేర్చుకుందని కళ్లతో అడిగాను. "మా అవ్వ గయ్యాళి. ఎద్దును ఎంతకి కొన్యాడో ఆమెకి ఇనపడితే ఇల్లు పీకి పందిరేస్తాది. మా నాయన నా చెయ్యి నొక్కి చెప్తే నేను పోయి మాయమ్మ చెయ్యి నొక్కి చెప్పేదాన్ని," అంది. చల్లటి వేళ్లు, గోళ్లరంగు నున్నగా తగిలింది. నా వేళ్లకు సూది పోట్లు, ఆమెకూ తగిలే ఉంటాయి. లక్ష మీద పదివేలకొక వేలు, అది చెప్పుకోకుండానే ఇద్దరికీ తెలిసింది. ముందు మూడు వేళ్లు పట్టుకుంది. నేను చెయ్యి లాక్కోలేదు గానీ వదులు చేశాను, చచ్చిన చేప మాదిరి, అది వద్దనడం. బేరం చెయ్యి ఆడుతుంటే నోరు వాన గురించి మాట్లాడాలి అనేవాడు అబ్బాజాన్, మొహంలో ధర కనపడకూడదు.

"వానలెట్లుండాయక్కా పుంగనూరు పక్క," అంది మునిలక్ష్మి, నాలుగు.

"ఏం వానలమ్మా, మోడం పడతాది, పోతాది," అన్నాను, చెయ్యంతా పట్టుకుని పైన రెండు.

"మాకూ అంతే. టమేటాకి తెగులు పట్టింది," అంది, చెయ్యంతా, అయిదు.

సాదిక్‌కు ఏమీ అర్థం కాలేదు, వానల సంగతి మాత్రం అర్థమైంది. ఆయనకు వానలంటే ప్రాణం. "మొన్న సదుంలో దంచి కొట్టిందంట గదమ్మా, చెరువుకి నీళ్లొచ్చినాయంట," అని అందుకున్నాడు. మునిలక్ష్మి ఆయనవైపు తిరిగి అవునా సార్ అంటూ నా ఇంకో వేలు పట్టుకుంది. ఆరు. మొహాన్ని మాత్రం సదుం చెరువు దగ్గరే ఉంచాను. ఏడు నొక్కాను. ఆమె ఆరు దగ్గరే ఆగింది. మళ్లీ ఏడు. ఆమె ఏడో వేలు పట్టుకుని, దాన్ని మెల్లగా సగానికి మడిచింది. లక్షా అరవై అయిదు. అక్కడ ఆగిపోయింది, చెయ్యి గట్టిగా, ఇంక లేదక్కా అన్నట్టు. అంగళ్లు ఆయనకు ఇచ్చినదాని కంటే ఎంతో ఎక్కువ, నాకు కావలసినదానికి సగం వేలు తక్కువ. ఇది న్యాయమైన చెయ్యేనని నాకు తెలిసింది. ఎందుకంటే ఎక్కడా గుంజలేదు, ఎక్కడా గోరు గుచ్చలేదు. ఇట్లాంటి చేతిని ఇంకా పిండితే అబ్బాజాన్ తుండు లాక్కుని లేచిపోయేవాడు.

"మాకు ఇంత ఎందుకు ఇస్తాండావమ్మా," అన్నాను చెవి దగ్గర.

"మేం కొన్న బండిని మళ్లీ అమ్మాల గదక్కా. అమ్మినాక అది లేదు, ఇది లేదు అని మా మీద పడతారు. మీ బండికి ఏముండాదో నాకు తెలుసు, ముందే చెప్పి అమ్ముకుంటా. ఆయన బండికి ఏముండాదో దేవుడికే తెలుసు." తర్వాత గొంతు పెంచి, అందరికీ వినపడేలా, "గేర్లు లేనిదాంట్లో ఒక గోధుమరంగుది యార్డులో ఉండాది. రంగు నచ్చక ఎవరూ అడగడంలేదు. దాని మీద అయిదు వేలు తగ్గిస్తా, అది అందరికీ చెప్పేదే," అంది.

తక్కువైన సగం వేలు అక్కడ పూడింది. నేను సాదిక్‌ను చూశాను. ఒప్పందం ఇద్దరిదీ. ఆయన తెల్లదాన్ని ఒకసారి చూసి, అద్దాల బయట యార్డులో నిలబెట్టిన గోధుమరంగుదాన్ని చూసి, గడ్డం గోక్కున్నాడు. ధర ఎంతైందో ఆయనకు తెలియదు. నా మొహం చూశాడు, సదుం చెరువు దగ్గర దాచిపెట్టిన మొహం ఆయన ముందు దాగలేదేమో. "డెబ్బై కుదిరినట్టేనా," అన్నాడు ఉర్దూలో. కుదిరినట్టే అన్నాను. "అయితే మన ఊరి దుమ్ము రంగే గదా," అన్నాడు తెలుగులో, అందరికీ వినపడేలా. "కడిగే పన్లేదు."

మునిలక్ష్మి చున్నీ కిందనుంచి చెయ్యి తీసి నా అరచేతిలో చప్పున కొట్టింది, బేరం అయిందనడానికి. అంగళ్లు ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆయన భార్య మాత్రం నా చున్నీనే చూస్తోంది, చూసి మొగుడి చెవిలో ఏదో చెప్తోంది. నరసింహులు ఒకసారి నడిపి చూసుకోండమ్మా అని గోధుమరంగుదాని తాళం తెచ్చాడు. అలవాటు చొప్పున సాదిక్ చెయ్యి చాచాడు. తాళం ఆయన చేతిలోకి వచ్చింది, అక్కడ కాసేపు ఉంది, అటునుంచి నా చేతిలోకి వచ్చింది. ఆ కాసేపట్లో ఆయన ఏమనుకున్నాడో అడగను, ఎప్పటికీ అడగను.

సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దం సరిచేసుకుంటే వెనక సీట్లో నరసింహులు బెల్టు గట్టిగా బిగించుకుంటూ కనిపించాడు. సాదిక్ అటువైపునుంచి ఎక్కి, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కదిలిస్తూ, పైన పట్టుకునే పిడిని పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. కుడికాలు మెల్లగా వత్తితే బండి నీళ్లలో పడవలా కదిలింది. చప్పుడు లేదు, గర్రుమనడం లేదు. గేటు దగ్గర టమాటా లారీలు వరసగా పోతున్నాయి, మధ్యలో సందు దొరకదేమో అనుకున్నాను, ఒక లారీవాడు చెయ్యి ఊపి ఆగాడు, అంతే, పుంగనూరు రోడ్డు మీదికి వచ్చేశాం. ముందు నన్ను నేను చూసుకుంటున్నాను, భుజాలు బిగిసిపోయాయి, కాసేపటికి నన్ను నేను మర్చిపోయి రోడ్డును చూస్తున్నాను, రోడ్డు పక్కన ఎండబెట్టిన వేరుశనక్కాయలు, తెల్ల గీత, సైకిలు మీద పాలక్యాన్లు, హారన్ కొట్టాను, తప్పుకున్నాడు, నా హారన్‌కు తప్పుకున్నాడు. మెహ్‌నాజ్‌కు ఈ శుక్రవారం వస్తానని చెప్పాలి, ఎవరితో అంటే నాతోనే అని చెప్పాలి, లేదా చెప్పకుండా పోయి కొట్టుముందు ఆపాలి, అది బయటికొచ్చి ఏ గిరాకో అనుకుని మూడు భాషల్లో రమ్మనాలి.

"అమ్మా, ఆ పెట్రోలు బంకు కాడ తిప్పుకుందాం, అంతవరకే," అన్నాడు వెనకనుంచి నరసింహులు.

బంకు కనిపిస్తోంది. కాలు కొంచెం వదులు చేశాను. సాదిక్ పైన పిడిని ఎప్పుడు వదిలేశాడో, కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, చింతచెట్లను చూస్తున్నాడు.

"ఉండప్పా," అన్నాడు ఆయన, తల తిప్పకుండానే. "బాగానే పోతాండాది గదా. ఇంకొంచెం పోనీ."